రెండు సైజులు పెద్దది

"మీ అమ్మాయిని ఏది నవ్విస్తుంది? మీ సొంత మాటల్లో రాయండి."

బ్రిటన్‌లోని ఆ బోర్డింగ్ స్కూల్ వాళ్లు తల్లిదండ్రుల్ని అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి. చదివాక మా అమ్మాయి సంగతేమో గానీ నాకు ఏడుపొచ్చింది. బయట మా దుకాణం కౌంటర్ దగ్గర ఒకామె తొడిగి మాపిన కాన్వాస్ బూట్లు తెచ్చి మార్చిమ్మని వాదిస్తోంది. లోపల నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పన్నెండేళ్ల పిల్ల ఎందుకు నవ్వుతుందో ఆలోచిస్తున్నాను. పిల్లలు నవ్వడానికి కారణాలు కావాలా? వాళ్ల నానమ్మ తుమ్మితే నవ్వుతుంది. వాళ్ల నాన్న కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని దుకాణమంతా వెతుకుతుంటే నవ్వుతుంది. నేను కోప్పడితే దిండులో మొహం దాచుకుని మరీ నవ్వుతుంది. ఇవన్నీ రాస్తే సీటిస్తారా?

మా ఆయన వెంకటేశం మాత్రం తొణకలేదు. సొంత కూతురు ఎందుకు నవ్వుతుందో తెలుసుకోవడానికి, పై దేశాల బడుల్లో సీట్లు ఇప్పించే కన్సల్టెంట్‌కు ఫోన్ చేశాడు. ఆ కన్సల్టెంట్ పేరు రత్నాకర్. క్షణం ఆలోచించకుండా చెప్పాడు, ప్రపంచ సంస్కృతుల్లోని వైవిధ్యం శ్రీవిద్యను నవ్విస్తుందట. అలాగే రాసి పంపాం. పంపినదాన్ని శ్రీవిద్య చదివి పొట్ట పట్టుకుని నవ్వింది.

మాది ఆబిడ్స్‌లో స్కూల్ యూనిఫామ్‌ల దుకాణం. మా మామ బిచ్చయ్య పల్లె నుంచి వచ్చి, ఇదే సందులో మెట్ల కింద ఒక కుట్టుమిషన్ పెట్టుకుని మొదలుపెట్టిన పని. ఇప్పుడు ఆయన లేరు, ఆ మెట్లూ లేవు. కింద కౌంటర్, పైన ట్రయల్ రూం వచ్చాయి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్తమ్మ వీరమ్మ నాకు వంట నేర్పలేదు, వ్యాపారం నేర్పింది. అందులో మొదటి పాఠం, పిల్లకు సరిపోయే జత ఎప్పుడూ ముందు పెట్టకూడదు. రెండు సైజులు పెద్దది చూపించి, "పెరిగే పిల్ల, మళ్ల ఏడాదికి గూడ వస్తది" అనాలి. తల్లి మురిసిపోతుంది. చేతులు మడిచి, నడుం దగ్గర పిన్ను పెట్టుకుని తీసుకుపోతుంది. జూన్ నెలలో ఈ మాట నేను నిద్రలో కూడా అంటానని మా ఆయన వెక్కిరిస్తాడు. శ్రీవిద్యకూ ఊహ తెలిసినప్పటి నుంచీ అలాగే వేశాం. దుకాణం వాళ్ల పిల్లయితే మాత్రం పెరగదా?

అసలీ తంటా అంతా ఒక చిరిగిన కోటుతో మొదలైంది. హిమాయత్‌నగర్ నుంచి మా దగ్గరికి ఎప్పటి నుంచో వచ్చే ప్రభావతిగారు, బ్రిటన్‌లో చదివే తన కొడుకు సెలవులకు వచ్చాడని, వాడి స్కూలు కోటు లోపలి గుడ్డ చిరిగిందని, కుట్టిమ్మని తెచ్చారు. ముదురు నీలం ఉన్ని కోటు, జేబు మీద బడి గుర్తు. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, గుడ్డను వేళ్ల మధ్య రుద్ది చూసి, తిరగేసి కుట్టు చూసి, గుళ్లో ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఇలాంటి కోటు మన పిల్ల వేసుకోవాలని ఆయన మనసులో ఆ క్షణమే పడింది. శ్రీవిద్య కోటు వైపు చూడనే లేదు. ప్రభావతిగారిని పక్కకు తీసుకుపోయి ఏవేవో అడిగింది. సాయంత్రం నా దగ్గరికొచ్చి తనూ అక్కడ చదువుకుంటానంది.

ఎందుకే అని అడిగాను.

"అక్కడ ఎవరి పని వాళ్లే చేస్కుంటరంట మమ్మీ. ఎవరన్న ఏమన్న అడిగితే వాళ్లే జవాబు చెప్పుకుంటరంట."

ఇదేం కారణం? తిన్న పళ్లెం తీయని పిల్ల అక్కడ సాక్సులు ఉతుక్కుంటుందట. నేను ససేమిరా అన్నాను. కానీ శ్రీవిద్య ఏదైనా కావాలని అడిగే పిల్ల కాదు. పండక్కి గౌను రంగు కూడా నేను చెప్పిందే. అలాంటిది నోరు తెరిచి మొదటిసారి ఒకటి అడిగింది. వద్దంటే అల్లరి చేయలేదు, ఏడవలేదు, సరేనని తలూపి వెళ్లి పుస్తకం తెరిచి కూర్చుంది. ఆ తలూపడం చూసి నాకు భయమేసింది. ఈ ఒక్కటి దక్కకపోతే ఈ పిల్ల జన్మలో మళ్లీ నన్ను ఏదీ అడగదు అనిపించింది. అందుకే ఒప్పుకున్నాను. ఫీజు సంగతి ఇక్కడ రాయను, రాస్తే నా బీపీ పెరుగుతుంది. శంషాబాద్ దగ్గర మామ కొన్న ప్లాటు అమ్మకానికి పెట్టామని చెబితే చాలు.

ఒప్పుకున్నాక తెలిసింది, ముందుంది ముసళ్ల పండగని. అక్కడ కొన్ని బడుల్లో పిల్లలు పాకుతుండగానే పేరు రాయించేస్తారట. ఒక బడి గడువు దాటిపోయిందని జవాబిచ్చింది. మరో బడి ఈ ఏడు పై దేశాల ఆడపిల్లలకు ఖాళీ లేదంది. మిగిలింది ఒక్కటే. దానికొక కంప్యూటర్ పరీక్ష. ఆ పరీక్ష మన పరీక్షల్లాంటిది కాదు, సరిగ్గా చెప్పినకొద్దీ ప్రశ్న కష్టమైపోతుంది. బాగా చదివినవాళ్లనే ఏడిపించే పరీక్ష నేనెక్కడా చూడలేదు. శ్రీవిద్య అది గట్టెక్కింది. తర్వాత అక్కడ పిల్ల బాగోగులు చూసే గార్డియన్ ఎవరన్నారు. మాకు అఫ్జల్‌గంజ్ అవతల చుట్టాలున్నారు గానీ ఇంగ్లండులో ఎవరున్నారు? దానికీ ఒక ఏజెన్సీ ఉందట. వాళ్లకూ ప్రశ్నలున్నాయట. పిల్లకు భయాలేమైనా ఉన్నాయా, ఒంటరిగా పడుకుంటుందా, కోపం వస్తే ఏం చేస్తుంది? పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా ఇన్ని అడగరు.

ఇక ఇంటర్వ్యూ మిగిలింది. అందులో నెగ్గితేనే సీటు.

రత్నాకర్ ఆఫీసు నాంపల్లి స్టేషన్ దగ్గర, జిరాక్స్ షాపు పైన. మొన్నమొన్నటి దాకా అదే గదిలో విమానం టికెట్లు అమ్మేవాడు. ఇప్పుడు గోడ మీద పచ్చిక మైదానాలు, రాతి కోటల్లాంటి బడులు అతికించాడు. శ్రీవిద్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ గురించి చెప్పమన్నాడు. పిల్ల నోరు తెరిచేలోపు నేను చెప్పాను, ఏడో తరగతి, లెక్కల్లో ఫస్టు, కొంచెం సిగ్గు అని. పాపకు ఇష్టమైనదేంటన్నాడు. వాళ్ల నాన్న చెస్ అన్నాడు. రత్నాకర్ పెదవి విరిచాడు.

"చెస్ అందరు ఆడ్తరు సార్. వాళ్లకు ఆల్‌రౌండ్ పిల్ల కావాలె. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, జవాబులన్ని నేను రాసిస్త. పాప బట్టీ పడ్తె చాలు."

అలా మా ఇంటికి కిరాయి వయొలిన్ వచ్చింది. ఆల్‌రౌండ్ పిల్లకు సంగీతం ఉండాలట. శ్రీవిద్య దాన్ని గడ్డం కింద పెట్టుకుని గీకితే, అత్తమ్మ పూజ మధ్యలో ఆపి, పిల్లి ఏమైనా తలుపు సందులో ఇరుక్కుందేమో చూడమనేది. వయొలిన్ తర్వాత పర్యావరణం వచ్చింది. హుస్సేన్‌సాగర్ కాలుష్యం పిల్ల మనసును కలచివేసిందని నాలుగు వాక్యాలు రత్నాకర్ రాసిచ్చాడు. ఆ తర్వాత నాయకత్వం. స్కూల్లో కింద పడ్డ చెట్టు కొమ్మను తోటి పిల్లల్ని కూడగట్టి తీయించిందట. ఏ చెట్టు, ఎప్పుడు పడింది అని శ్రీవిద్య అడిగింది. పడిందనుకో అన్నాం ముగ్గురం ఒకేసారి.

ఇంటర్వ్యూ వీడియోలో. మొదట మంగళవారం మధ్యాహ్నం రమ్మన్నారు. రాహుకాలం అంది అత్తమ్మ. నేను ఎంత చెప్పినా వినలేదు, మా ఆయన చెప్పనే లేదు. చివరికి రత్నాకర్ "ఖగోళ సంబంధమైన అనివార్య కారణం వల్ల" తేదీ మార్చమని మెయిల్ పెట్టాడు. ఆ బడివాళ్లు ఏమనుకున్నారో గానీ మర్యాదగా శనివారానికి మార్చారు. మాకు సాయంత్రం, వాళ్లకు మధ్యాహ్నం. శనివారం సాయంత్రమంటే మాకు బేరాల వేళ. మా ఆయన షట్టర్ దించేశాడు. మామ పోయిన రోజు తర్వాత మా షట్టర్ శనివారం దిగడం అదే.

ఇంట్లో ఎందుకు కాదంటే, నాంపల్లిలో మా ఇంటి గోడకు ఆనుకుని ఫంక్షన్ హాలుంది. పెళ్లిళ్ల రోజులు, బ్యాండువాళ్లు ఇంటర్వ్యూ ఉందంటే ఆపుతారా? అందుకని దుకాణం పైనున్న ట్రయల్ రూం ఖాయం చేశాం. మూడు గోడలకూ సైజుల అంకెలు రాసిన అట్టపెట్టెల ర్యాకులు. నాలుగో గోడకు నిలువెత్తు అద్దం. పెట్టెలు కనిపిస్తే గోడౌన్‌లా ఉంటుందని, రత్నాకర్ పిల్లను అద్దానికి వీపు పెట్టి కూర్చోబెట్టాడు. అద్దంలోనూ అవే పెట్టెలు కనబడతాయని, దాని మీద మా దగ్గరున్న నీలం గళ్ల గుడ్డ తాను విప్పి, దర్జీ పిన్నులతో గుచ్చి పరదా కట్టాడు. అది ఫలానా కాన్వెంటు చొక్కా గుడ్డ అని బ్రిటన్‌లో ఎవరికి తెలుస్తుంది?

గదిలో పిల్ల ఒక్కతే ఉండాలని బడివాళ్లు ముందే రాశారు. ఇంత చదువుకున్నవాళ్లు ఇలా ఎలా రాస్తారో నాకు అర్థం కాలేదు. పిల్ల బతుకు తేలే వేళ దాన్ని ఒంటరిగా గదిలో పెట్టి తలుపేసుకుంటామా? ల్యాప్‌టాప్ వెనక నిలబడితే కెమెరాకు కనబడం అన్నాడు రత్నాకర్. అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో జవాబులు రాసుకుని అతను నిలబడ్డాడు. పిల్ల భుజాలు వంచితే నిటారుగా కూర్చోమని, నవ్వు మరిస్తే నవ్వమని సైగ చేయడానికి నేను నిలబడ్డాను. మా ఆయన ఊరికే నిలబడ్డాడు. అత్తమ్మ కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుతోంది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఒక్క పిల్ల ఇంటర్వ్యూకు నలుగురం తయారయ్యాం.

పక్క నుంచి మెడ సాచి చూస్తే తెర మీద మిసెస్ కార్వర్ అనే ఆవిడ కనిపించింది. తెల్లజుట్టు, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు. అంత పెద్ద బడి టీచరు అరిగిన స్వెట్టరు వేసుకోవడం చూసి మా ఆయన కొంచెం నీరసపడ్డాడు. ఆవిడ ఇంగ్లీషులో అడుగుతోంది, శ్రీవిద్య ఇంగ్లీషులో చెబుతోంది. నీ గురించి చెప్పమంటే పిల్ల అట్టముక్క చూసి గడగడా చెప్పింది. వయొలిన్ మీద నీకు నచ్చిన రాగం వాయించి వినిపిస్తావా అంది ఆవిడ. అట్టముక్కలో అది లేదు. రత్నాకర్ కంగారుగా హుస్సేన్‌సాగర్ అట్ట ఎత్తాడు. వయొలిన్ గురించి అడిగితే పిల్ల చెరువు గురించి చెప్పింది. చెట్టు కొమ్మ ఏ చెట్టుదని ఆవిడ అడిగింది. రత్నాకర్ పెదవులతో వేప అన్నాడు, నేను చేత్తో పెద్ద చెట్టని చూపించాను, మా ఆయన కూడా ఏదో చూపించాడు. పిల్ల మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి, గుర్తు లేదంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా కింద ఎవరో షట్టర్ బాదుతున్నారు. సోమవారం స్పోర్ట్స్ డే, తెల్ల నిక్కరు కావాలట.

శ్రీవిద్య నుదుటి మీద చెమట పట్టింది. చూడలేక పక్కనున్న స్టాండ్ ఫ్యాన్ తన వైపు తిప్పింది నేనే. గాలికి గళ్ల గుడ్డ ఒకసారి ఉబ్బింది, ఒక పిన్ను టప్పున రాలింది. తర్వాత గుడ్డ మొత్తం ఒక పక్క నుంచి మెల్లగా జారి కింద కుప్పపడింది.

మిసెస్ కార్వర్ మాట్లాడటం ఆపింది. ముందుకు వంగి తెరలోకి చూసింది. శ్రీవిద్య వెనక నిలువెత్తు అద్దంలో మేం నలుగురం తల నుంచి కాళ్ల దాకా కనబడుతున్నాం. ఎత్తిన అట్టముక్కతో రత్నాకర్, నవ్వమని రెండు వేళ్లతో పెదవులు సాగదీసి చూపిస్తున్న నేను, నెత్తి మీద కళ్లజోడుతో మా ఆయన. ఎవరం కదలలేదు. అత్తమ్మ ఒక్కతే మర్యాద తెలిసిన మనిషిలా, అద్దంలోకి చూస్తూ తెర మీది ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

వాళ్లెవరని ఆవిడ అడిగింది. కోపంగా అడగలేదు, అదే నన్ను ఎక్కువ చంపేసింది. శ్రీవిద్య వెనక్కి తిరిగి, అద్దంలో మమ్మల్ని ఒక్కొక్కరినీ చూపించి పరిచయం చేసింది. మా అమ్మ, మా నాన్న, మా నానమ్మ, నా జవాబులు రాసిన సారు. మరి ఈ చోటేమిటి, అంత పెద్ద అద్దమెందుకని ఆవిడ అడిగింది. రత్నాకర్ చేతిలో దానికి అట్ట లేదు. అప్పుడు శ్రీవిద్య తనంతట తాను మాట్లాడింది. ఇంగ్లీషులోనే చెప్పింది, నాకు మాత్రం ప్రతి ముక్కా తెలుగులోనే తగిలింది.

"ఇది మా యూనిఫామ్‌ల దుకాణం. ఇక్కడికొచ్చే అమ్మలందరూ రెండు సైజులు పెద్దది కొంటారు. మొదటి ఏడాది టీచర్ పిలిస్తే పిల్ల చెయ్యెత్తుతుంది, కానీ చొక్కా చెయ్యి ఒక్కటే కనబడుతుంది. సరిపోయే నాటికి రంగు వెలిసిపోతుంది. కొత్తగా ఉన్నప్పుడు సరిపోదు, సరిపోయినప్పుడు కొత్తగా ఉండదు. ఒక్క రోజు కూడా ఆ బట్టలు ఆ పిల్లవి కావు. నేను కౌంటర్ దగ్గర కూర్చుని అదే చూస్తుంటాను."

నీకూ అలాగే కొంటారా అంది ఆవిడ.

"నాకూ అంతే. ఇందాక నేను చెప్పిన జవాబులు కూడా నాకు రెండు సైజులు పెద్దవి. నాకు వయొలిన్ రాదు. చెట్టు పడలేదు. నాకు నా సైజుది ఒకటి కావాలి. చిన్నదైనా పర్వాలేదు."

నాకు ఒళ్లంతా మంట పుట్టింది. ఎవరి మీదో కూడా తెలియలేదు. నేను పద్నాలుగేళ్లుగా అమ్ముతున్న మాటను పిల్ల అలా తిరగేసి లోపలి కుట్టు చూపించింది. పైగా ఇంత మాట్లాడగలిగిన పిల్ల ఇన్నాళ్లూ ఇంట్లో నోరెందుకు విప్పలేదు? విప్పేలోపే నేను జవాబు చెప్పేస్తాను కాబట్టి అని వెంటనే నాకే తోచింది, అది ఇంకా మండించింది.

మిసెస్ కార్వర్ కాసేపు ఏదో రాసుకుని, వాళ్ల అమ్మతో ఒక నిమిషం మాట్లాడొచ్చా అంది. శ్రీవిద్య లేచి స్టూలు నాకిచ్చింది. తను వెళ్లి, నేను ఇంతసేపూ నిలబడ్డ చోట నిలబడింది. ఆవిడ నన్ను అడిగింది ఒకటే. మీ అమ్మాయి ఇక్కడికొస్తే మీకు అన్నిటికంటే ఎక్కువ బెంగ దేని గురించి?

మామూలుగా నాకు మాటలకు కరువుండదు. ఆ క్షణం మాత్రం నేనూ అట్ట కోసం వెతికాను. రత్నాకర్ వైపు చూశాను. నాయకత్వం అట్ట ఎత్తి పట్టుకున్నాడు మహానుభావుడు. శ్రీవిద్య వైపు చూశాను, ఏదైనా సైగ చేస్తుందేమోనని. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. పెదవి కదపలేదు, కనుబొమ్మ ఎత్తలేదు. నువ్వే చెప్పు అన్నట్టు చూస్తోంది, అంతే.

"కర్డ్ రైస్" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. అక్కడ పెరుగన్నం దొరకదేమోనని నా బెంగ అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. దొరుకుతుందని ఆవిడ హామీ ఇచ్చింది. ఇంటర్వ్యూ అయిపోయింది.

తెర ఆరిపోగానే అందరూ అందరి మీదా పడ్డాం. ఫ్యాన్ ఎందుకు తిప్పావని మా ఆయన నన్నన్నాడు. పిన్నులు వంకరగా గుచ్చింది మీరు కాదా అని నేను రత్నాకర్‌నన్నాను. తన సర్వీసులో ఇలాంటి కేసు లేదని, ముసలామె దండం పెట్టడంతోనే మునిగిందని రత్నాకర్ అట్టముక్కలు సంచిలో కుక్కుకున్నాడు. దండం పెడితే మునగడానికి అదేం బడి అని అత్తమ్మ లేచింది. పెరుగన్నం మాట మాత్రం సౌభాగ్య మంచిగనే అడిగిందని నన్ను మెచ్చుకుంది, అది విని నాకు ఇంకా ఒళ్లు మండింది. కడుపున పుట్టిన పిల్ల సముద్రాలు దాటి పోతుంటే తల్లికి బెంగ దేని గురించంటే పెరుగన్నమా? లోపల ఏదో ఉంది, నాకు తెలుసు, కానీ అది నోటిదాకా రాలేదు. శ్రీవిద్య కింద పడ్డ గుడ్డ దులిపి, అంచులు కలిపి తాను చుట్టింది. షట్టర్ ఎత్తి, తెల్ల నిక్కరు కోసం ఇంకా నిలబడే ఉన్న మనిషికి నిక్కరు తీసిచ్చింది.

జవాబు రావడానికి వాళ్లు చెప్పిన గడువు దాటింది. ఆ రోజుల్లో నేను రోజూ మెయిల్ చూసేదాన్ని, చూసి దుకాణంలో పనివాళ్ల మీద అరిచేదాన్ని. వయొలిన్ తిరిగిచ్చేశాం. శ్రీవిద్య మాత్రం అడగదు, ఎదురుచూస్తున్నట్టు కనబడదు. ఎవరైనా నీ పేరేంటి పాపా అంటే నేను నోరు తెరిచి, మళ్లీ మూసుకోవడం నేర్చుకుంటున్నాను. సులువేం కాదు. నాలుక కొరుక్కుని మంట పుట్టిన రోజులున్నాయి.

సీటొచ్చింది. ఉత్తరం చివర, అద్దంలో కనిపించిన పెద్దావిడకు తమ నమస్కారాలు తెలియజేయమని రాశారు. అత్తమ్మ ఆ వాక్యం నాతో మూడుసార్లు చదివించుకుంది. శ్రీవిద్య చదువుకుని, ల్యాప్‌టాప్ మూసి, నా నడుం చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదల్లేదు. తన బరువంతా నా మీద వేసింది. నేను సంతోషించాను, నిజంగానే, ఆ సంతోషంలోనే దానికి ఏదో ఒక వంక పెట్టి తిట్టాను కూడా. వారం తిరక్కముందే నాంపల్లిలో రత్నాకర్ ఆఫీసు ముందు ఫ్లెక్సీ వెలిసింది. మా విద్యార్థిని అని శ్రీవిద్య ఫోటో. ఒంటి మీద ఎక్కడిదో నీలం కోటు అతికించాడు. ఆ ఫోటోలో కూడా కోటు భుజాల దగ్గర వేలాడుతోంది.

జూన్ వచ్చింది. ఆబిడ్స్‌లో జూన్ అంటే మాకు అన్నం తినే తీరిక ఉండదు. బడులు తెరిచే వారం, కింద కౌంటర్ దగ్గర పిల్లలూ తల్లులూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. సరిగ్గా అప్పుడే బ్రిటన్ బడి వాళ్లు యూనిఫామ్ కొలతలు పంపమన్నారు, రేపటిలోగా. ఎప్పుడైనా తీరిక చూసి అడిగారా వాళ్లు?

మా ఆయన పనివాళ్లకు కౌంటర్ అప్పజెప్పి, మెడలో టేపుతో పైకొచ్చాడు. శ్రీవిద్య అదే అద్దం ముందు నిలబడింది. ఊళ్లో పిల్లలందరి కొలతలూ తీసిన మనిషి సొంత కూతురి ఛాతీ చుట్టూ టేపు రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. నేను రాయడానికి పెన్ను పట్టుకున్నాను.

"ముప్పై వచ్చింది" అని, అలవాటు కొద్దీ వెంటనే కలిపాడు. "ముప్పై నాలుగు రాయి సౌభాగ్యా. పెరిగే పిల్ల."

శ్రీవిద్య అద్దంలో నా వైపు చూసింది. నేను ముప్పై అని రాశాను.

ఆయన తొంగి చూశాడు. "గిదేంది, కొత్తదాని లెక్క రాస్తున్నవ్? గంత ఖరీదు కోటు. మళ్ల ఎండాకాలానికి పొట్టిగైపోతది."

"పొట్టిగ కావాలె" అన్నాను. "ఇంటికొచ్చినప్పుడు గా కోటు చేతులు ఎంత పైకి పొయ్యినయో నేను చూడాలె. నేను పక్కన లేని ఏడాదిల నా బిడ్డ ఎంత పెరిగిందో నాకు ఇంకెట్ల తెలుస్తది?"

ఆయన టేపు చుట్టుకుంటూ గోడ వైపు తిరిగాడు. శ్రీవిద్య కదలకుండా అలాగే నిలబడింది, కళ్లు మాత్రం నిండాయి. ఇదీ మిసెస్ కార్వర్‌కు నేను చెప్పాల్సిన జవాబు. అడిగినప్పుడు పెరుగన్నం గుర్తొస్తుంది, ఎవరూ అడగనప్పుడు ఇది వస్తుంది. నా బుద్ధిని ఏం చేయాలి?

కింద నుంచి ఎవరో నన్ను కేకేశారు. చీర కొంగుతో మొహం తుడుచుకుని దిగాను. ఒకామె కూతురి భుజాలు పట్టుకుని నిలబెట్టి, పిల్ల పెరుగుతది, రెండు సైజులు పెద్దది చూపియ్యమంటోంది. అడిగినదే తీసిచ్చాను. అది సరిపోయే రోజున ఆమె ఆ పిల్ల పక్కనే ఉంటుంది.